గురక పెట్టే మనిషికి లాపరోస్కోపీ పేగు ఆపరేషన్: ఇంటివాళ్ళు చేయాల్సిన పనులు

"పెద్దపేగులో గడ్డ ఉంది, లాపరోస్కోపీలో తీసేస్తాం, కోత చిన్నదే" అని సర్జన్ చెప్పగానే ఇంట్లో సగం భయం పోతుంది. పోవడం న్యాయమే. అమెరికాలో 872 మంది పెద్దపేగు క్యాన్సర్ రోగులతో చేసిన పరిశోధన 2004లో అచ్చయింది. చేయి తిరిగిన సర్జన్ చేస్తే, క్యాన్సర్ తిరగబెట్టే విషయంలో చిన్న రంధ్రాల ఆపరేషన్ పొట్ట కోసి చేసేదానికి తీసిపోదని అందులో తేలింది. నొప్పీ తక్కువే, ఇంటికీ తొందరగా రావచ్చు. అయితే కోత చిన్నదైతే మత్తు కూడా చిన్నదే అనుకోకండి. రెండు మూడు గంటలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువసేపు పూర్తి మత్తు ఇవ్వాల్సిందే.

రాత్రిళ్ళు గురక పెడుతూ మధ్యలో ఊపిరి ఆగిపోయే మనిషికి, అంటే స్లీప్ ఆప్నియా ఉన్న మనిషికి, థియేటర్లో కంటే ఆ తర్వాతి రాత్రుల్లోనే గండం ఎక్కువ. థియేటర్లో మత్తు డాక్టరు తలాపునే ఉంటారు, ప్రతి ఊపిరీ తెర మీద కనిపిస్తుంది. మూడో రాత్రికి మానిటర్ తీసేసి ఉంటారు, వార్డులో నర్సమ్మ ఒక్కరే ముప్ఫై మంచాలు చూస్తుంటారు, పక్కన మేలుకుని ఉండేది మీరే. అందుకే ఇక్కడ రాసేది డాక్టర్లకు కాదు, కర్నూలు పెద్దాసుపత్రిలోనో కడప రిమ్స్‌లోనో అనంతపురం సర్వజనాసుపత్రిలోనో మంచం పక్కన కుర్చీ వేసుకుని కూర్చునేవాళ్ళకు.

ఇంట్లోనే తేల్చుకోవాల్సింది

నిద్రలో గొంతు వెనక కండరాలు సడలుతాయి, నాలుక వెనక్కి జారుతుంది, గాలిదారి మూసుకుపోతుంది. ఛాతీ ఎగిరెగిరి పడుతుంటుంది గానీ ముక్కులోంచి గాలి రాదు. ఊపిరి 10 సెకన్లు, అంతకు మించి ఆగితే దాన్నొక ఆప్నియాగా లెక్కిస్తారు. ఊపిరి ఆగడాలూ బాగా తగ్గిపోవడాలూ కలిపి గంటకు 5 నుంచి 15 ఉంటే కొద్దిపాటి జబ్బు, 15 నుంచి 30 మధ్యరకం, 30 దాటితే తీవ్రం.

చాలామందికి ఇది తమకుందనే తెలియదు. ఐదు దేశాల్లో, గుండెకు సంబంధం లేని పెద్ద ఆపరేషన్ల కోసం వచ్చిన 1,218 మందికి ముందుగా నిద్ర పరీక్ష చేసి, ఆపరేషన్ తర్వాత నెల రోజులు కనిపెట్టి చూశారు. 2019లో ఫలితాలు వచ్చాయి. ఆప్నియా లేనివాళ్ళలో నూటికి 14 మందికి గుండె, రక్తనాళాల చిక్కులు వస్తే, తీవ్రమైన ఆప్నియా ఉన్నవాళ్ళలో నూటికి 30 మందికి వచ్చాయి. ఆ 1,218 మందిలో ఎవరికీ అంతకుముందు ఈ జబ్బు ఉన్నట్టు రాసి లేదు.

కాబట్టి మొదటి పని ఫోన్‌లో వీడియో తీయడం. తెల్లవారుజామున 4, 5 గంటలకు తీయండి. కలలు వచ్చే నిద్ర ఆ వేళకే ఎక్కువ, కండరాలు బాగా సడలేదీ అప్పుడే. రాత్రి పదకొండింటికి తీసి "గురక ఒక్కటే ఉంది, ఏమీ లేదు" అనుకుంటే మోసపోతారు. పడుకున్న మనిషి మొహం, ఛాతీ, పొట్ట మూడూ కనిపించేలా ఫోన్ పెట్టి పది నిమిషాలు తీయండి. గురక, తర్వాత నిశ్శబ్దం, తర్వాత ఒక్కసారిగా గుటకేసినట్టో ఉలిక్కిపడినట్టో ఊపిరి. ఈ వరస కనిపిస్తే ఆ నిశ్శబ్దం ఎన్ని సెకన్లుందో లెక్కపెట్టి రాసుకోండి. మత్తు డాక్టరుకు మీరు చెప్పే పది మాటల కంటే ఆ వీడియో ఎక్కువ పనికొస్తుంది.

రెండోది, ఎనిమిది ప్రశ్నల లెక్క. కెనడాలోని టొరంటో డాక్టర్లు 2008లో మొదలుపెట్టిన ఈ లెక్కను స్టాప్-బ్యాంగ్ అంటారు. తలుపు మూసినా వినపడేంత గురక ఉందా? పగలంతా అలసట, కూర్చున్నచోట కునుకు ఉన్నాయా? ఊపిరి ఆగడం ఎవరైనా చూశారా? బీపీ ఉందా? బీఎంఐ (ఎత్తును బట్టి బరువు లెక్క) 35 దాటిందా? వయసు 50 దాటిందా? మెడ చుట్టుకొలత 40 సెంటీమీటర్లు దాటిందా? మగవారా? ఒక్కో అవునుకు ఒక్కో మార్కు. 2 వరకు భయం తక్కువ, 3 లేదా 4 వస్తే అనుమానించాలి, 5, అంతకు మించి వస్తే ఆప్నియా ఉన్నట్టే అనుకుని ఏర్పాట్లు చేసుకోవాలి. మెడను దర్జీ టేపుతో గొంతు ముడి దగ్గర కొలవండి. టేపు బిగించొద్దు, ఒక వేలు దూరేంత వదులుండాలి. బీఎంఐ 35 అంటే 160 సెంటీమీటర్ల ఎత్తు మనిషికి దాదాపు 90 కిలోలు. మనవాళ్ళలో అంత లావు లేకుండానే ఆప్నియా ఉండేవాళ్ళు చాలామంది. కాబట్టి ఆ ఒక్క ప్రశ్నకు కాదని వచ్చినంత మాత్రాన వదిలేయకండి.

మత్తు డాక్టరు దగ్గర

ఆపరేషన్‌కు ముందు మత్తు డాక్టరు చూసే రోజు ఒకటుంటుంది. ఎక్కువమంది ఆ రోజు బీపీ, షుగర్ సంగతి చెప్పి వచ్చేస్తారు. వీడియో, మార్కుల కాగితం, వాడుతున్న మాత్రలన్నీ పట్టుకెళ్ళండి. నిద్రమాత్రలు, దగ్గు మందు, నడుము నొప్పికి వేసుకునే మాత్రలు కూడా. ఎక్కువమంది దాచేది అల్ప్రాజోలం అనే నిద్రమాత్ర, ఎక్కువ చిక్కు తెచ్చేదీ అదే.

సమయముంటే నిద్ర పరీక్ష రాస్తారు. తలకు తీగలు అంటించి ల్యాబ్‌లో పడుకోబెట్టే పరీక్ష ఒకటి. ఇంటికే ఇచ్చి పంపే చిన్న యంత్రం ఇంకొకటి: ముక్కు దగ్గర గొట్టం, ఛాతీకి బెల్టు, వేలికి ఆక్సిజన్ క్లిప్పు. అనుమానం బలంగా ఉన్నవాళ్ళకు ఈ రెండోది చాలు. రెండూ దొరక్కపోతే, రాత్రంతా లెక్కలు దాచుకునే రకం ఆక్సీమీటర్ పెట్టి చూడమని అడగొచ్చు. రక్తపరీక్షలో బైకార్బనేట్ 28 గానీ అంతకు మించి గానీ ఉండి, స్టాప్-బ్యాంగ్ మార్కులు కూడా 3, అంతకు మించి వస్తే జబ్బు మధ్యరకమో తీవ్రమో అయ్యే అవకాశం ఎక్కువ. ఆపరేషన్‌కు ముందు చాలాచోట్ల ఎలక్ట్రోలైట్ల పరీక్ష ఎలాగూ చేస్తారు, ఆ కాగితంలోనే ఈ అంకె ఉంటుంది. ఒకసారి చూడమని అడిగితే తప్పులేదు.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. గడ్డ క్యాన్సర్‌దైతే నిద్ర పరీక్ష దొరకలేదని ఆపరేషన్ వాయిదా వేసుకోవద్దు. గుండె, ఊపిరితిత్తుల పరిస్థితి మరీ అదుపు తప్పి ఉంటే తప్ప, పరీక్ష లేకపోయినా ఆప్నియా ఉన్నట్టే భావించి జాగ్రత్తలు తీసుకుని ముందుకు పోవడమే మత్తు డాక్టర్ల సంఘాల సలహా.

సీపాప్ అలవాటు చేసుకోవడం

సీపాప్ అంటే మాస్కు ద్వారా గాలిని ఒత్తిడితో పంపి గొంతు మూసుకుపోకుండా నిలబెట్టే యంత్రం. 1981లో ఆస్ట్రేలియాలో కోలిన్ సలివాన్ దీన్ని బయటపెట్టారు. ఒత్తిడి 4 నుంచి 20 సెంటీమీటర్ల నీటి మట్టం వరకు పెట్టొచ్చు, ఎంతన్నది డాక్టరే నిర్ణయించాలి.

ఆపరేషన్ రోజు మొదటిసారి మాస్కు పెడితే ఎవరూ ఉంచుకోరు. పొట్టలో నొప్పి, మొహం మీద గాలి, పీకి అవతల పడేస్తారు. కనీసం వారం, వీలైతే రెండు వారాల ముందే మొదలుపెట్టండి. తొలి రెండు రోజులు పగటిపూట, టీవీ చూస్తూ అరగంట. తర్వాత మధ్యాహ్నం కునుకులో. ఆ తర్వాతే రాత్రి.

చెడేవి ఇవీ. గాలి పక్కలనుంచి కారిపోతుందని పట్టీలు బిగించేస్తారు, ముక్కు దూలం మీద పుండు పడుతుంది. కారడానికి అసలు కారణం ఎక్కువగా మాస్కు సైజు, లేదంటే మీసం గడ్డం. పడుకున్న తర్వాత, గాలి వస్తుండగా పట్టీ సరిచేయాలి, కూర్చుని కాదు. నోరు తెరిచి పడుకునేవాళ్ళకు ముక్కు మాస్కు పనిచేయదు, నోరూ ముక్కూ కప్పేది కావాలి. తేమ పెట్టెలో డిస్టిల్డ్ వాటరే పోయాలి. అనంతపురం వైపు బోరు నీళ్ళు పోస్తే నాలుగు రోజులకే తెల్లగా సున్నం కడుతుంది. ఎండాకాలం దుమ్ముకు వెనక ఫిల్టరు తొందరగా మూసుకుపోతుంది, వారానికోసారి తీసి చూడండి. కరెంటు పోతే ఇన్వర్టర్ మీద నడుస్తుంది. అయితే తేమ పెట్టె వేడి ఆపేస్తే బ్యాటరీ ఎక్కువసేపు వస్తుంది.

చేరే రోజు యంత్రం, మాస్కు, గొట్టం, ఎక్స్‌టెన్షన్ బాక్సు అన్నీ సంచిలో పెట్టుకెళ్ళండి, మీద పేరు రాయండి. మంచం పక్కన ప్లగ్ పాయింటు పనిచేస్తుందో లేదో వెళ్ళగానే చూడండి. ఎన్టీఆర్ వైద్య సేవ కింద చేరినవాళ్ళు, ఏది ప్యాకేజీలో వస్తుందో ఏది రాదో ముందే వైద్య మిత్రను అడగాలి. ఆపరేషన్ అయ్యాక అడిగితే ఆ రాత్రికి ఉపయోగం లేదు.

బీడీ, సిగరెట్టు ఆపరేషన్‌కు కనీసం నాలుగు వారాల ముందు మానాలి. మందు, కల్లు కూడా. డాక్టరు వేరేలా చెప్పకపోతే గట్టి తిండి 6 గంటల ముందు ఆపాలి, మంచినీళ్ళ లాంటి తేట ద్రవాలు 2 గంటల ముందు వరకు తాగొచ్చు. పాలు కలిసిన టీ, మజ్జిగ, రాగిజావ తేట ద్రవాలు కావు. "ఒక గుక్క టీయే కదా" అన్న దగ్గరే ఆపరేషన్లు వాయిదా పడుతుంటాయి.

థియేటర్లో ఏం జరుగుతుంది

పొట్టలోకి కార్బన్ డయాక్సైడ్ నింపుతారు, ఒత్తిడి మామూలుగా 12 నుంచి 15 మిల్లీమీటర్ల పాదరసం. దాంతో పొట్ట ఉబ్బి ఊపిరితిత్తుల కింది పొరను పైకి నెడుతుంది. పేగు కింది భాగం మీద ఆపరేషన్ అయితే తల కిందికి, కాళ్ళు పైకి వంచుతారు, పేగుల బరువు కూడా ఊపిరితిత్తుల మీదే పడుతుంది. అడుగు భాగాలు నలిగి గాలి లేకుండా ముడుచుకుంటాయి. నింపిన గాలి కొంత రక్తంలోకి పీల్చుకుపోతుంది, దాన్ని బయటకు పంపడానికి మత్తు డాక్టరు యంత్రం ఊపిరిని పెంచుతారు. ఎక్కువసేపు తల కిందికి ఉంటే మొహం, గొంతు కొంచెం వాస్తాయి కూడా. అసలే ఇరుకు గొంతు ఉన్న మనిషి లేచేటప్పటికి పరిస్థితి ఇదీ. అందుకే కండరాల మత్తు పూర్తిగా దిగి, మనిషి మాట విని కళ్ళు తెరిచాక, తలవైపు ఎత్తి గొట్టం తీస్తారు. "ఇంకా బయటికి తేలేదేమి" అని తలుపు దగ్గర తొందరపెట్టొద్దు.

వార్డు రాత్రులు

మొదటి రాత్రి నొప్పి, మందుల వల్ల కలల నిద్ర దాదాపు ఉండదు. పోయిన ఆ నిద్రంతా రెండు, మూడు, నాలుగు రాత్రుల్లో వడ్డీతో తిరిగొస్తుంది, గొంతు కండరాలు సడలిపోతాయి. ఆపరేషన్ తర్వాత ఊపిరి ఆగడాలు మూడో రాత్రి ఎక్కువగా ఉంటాయని రాత్రి రాత్రీ కొలిచి చూసినవాళ్ళు చెప్పారు. ఆ రోజుకు రోగి లేచి నడుస్తుంటాడు, జావ తాగుతుంటాడు, బంధువులు "బాగైపోయాడు" అని ఊరికి వెళ్ళిపోతారు. మనుషులను వంతులేసుకోవాల్సింది మొదటి రాత్రికి కాదు, మూడో రాత్రికి.

పడక. వెల్లకిలా పడుకోనివ్వకండి. తలవైపు 30 డిగ్రీలు ఎత్తాలి. మంచం హ్యాండిల్ తిరగకపోతే తలకింద రెండు దిండ్లు వేయడం అందరూ చేసే పని, దానివల్ల గడ్డం ఛాతీకి ఆని గొంతు ఇంకా మూసుకుంటుంది. నడుము దగ్గర మొదలుపెట్టి బొంతనో మడిచిన దుప్పట్లనో మెట్టుమెట్టుగా పేర్చండి, భుజాలు కూడా పైకి లేవాలి, గడ్డం కొంచెం పైకి చూడాలి. పక్కకు తిరిగి పడుకుంటే ఇంకా మేలు. డ్రెయిన్ గొట్టమో స్టోమా (మలం బయటికి రావడానికి పొట్ట మీద పెట్టే దారి) సంచో ఏ పక్కన ఉంటే దానికి ఎదురు పక్కకు తిప్పి, వీపు వెనక దిండు పెట్టండి.

ఊపిరి లెక్క. నిద్రపోయాక ఫోన్ గడియారం చూస్తూ నిండుగా ఒక నిమిషం ఛాతీ కదలికలు లెక్కపెట్టండి. పదిహేను సెకన్లు లెక్కేసి నాలుగుతో గుణిస్తే ఆగిన ఊపిరి లెక్కలోంచి జారిపోతుంది. ఒక కాగితం మీద ఇలా రాయండి: "రాత్రి 2: ఊపిరి 14, ఎక్కువసేపు ఆగింది 12 సెకన్లు, ఆక్సిజన్ 93, వెల్లకిలా. 1:30కి నొప్పి సూది." పది, పన్నెండు, రెండు, నాలుగు, అయిదు గంటలకు రాస్తే చాలు. నొప్పి సూది పడిన గంటన్నర మాత్రం ఇంకొంచెం దగ్గరగా చూడండి.

నిమిషానికి 12 నుంచి 20 మామూలు. 10 కంటే తగ్గినా, ఆక్సిజన్ 90 దిగినా, ఊపిరి మాటిమాటికీ ఆగుతున్నా, పిలిస్తే మాట ముద్దగా వచ్చి మధ్యలోనే నిద్రలోకి జారిపోతున్నా వెంటనే నర్సును పిలవాలి. ఈలోగా భుజం తట్టి లేపండి, గడ్డం కింద వేళ్ళు పెట్టి పైకెత్తండి, తల పైకి లేపండి. మొహం మీద నీళ్ళు చల్లడం, నోట్లో నీళ్ళు పోయడం వద్దు. గట్టిగా గురక పెడుతూ గాఢంగా పడుకుంటే "హాయిగా నిద్రపోతున్నాడు" అనుకోవడమే ఇక్కడ ఖరీదైన పొరపాటు.

ఆక్సిజన్ గొట్టం పెట్టారు కదా, అంకె 98 ఉంది కదా అని నిశ్చింత పడొద్దు. బయటి ఆక్సిజన్ అందుతుంటే ఊపిరి మందగించినా అంకె చాలాసేపు బాగానే ఉంటుంది, లోపల కార్బన్ డయాక్సైడ్ పేరుకుంటుంది. అంకెతోపాటు ఛాతీనీ చూడాలి. ఆక్సీమీటర్ నల్లని చర్మం మీద ఉన్నదానికంటే కొంచెం ఎక్కువ చూపుతుంది, గోళ్ళ రంగు ఉంటే తప్పు చూపుతుంది, చేయి చల్లగా ఉన్నా అంతే.

నొప్పి మందులు. పారాసిటమాల్ వేళ తప్పకుండా ఇవ్వడం, కోతల దగ్గరా పొట్ట గోడలోనూ మొద్దుబార్చే మందు వేయడం ఇలాంటివాళ్ళకు మేలైన దారి. మార్ఫిన్, ఫెంటానిల్, ట్రమడాల్ లాంటి, ఊపిరిని మందగించే నొప్పి మందులు తగ్గినకొద్దీ మంచిది. అలాగని నొప్పి ఓర్చుకోమని కాదు. నొప్పితో ఊపిరి పూర్తిగా తీసుకోకపోతే కఫం పేరుకుంటుంది. నిద్ర పట్టలేదని బయట షాపులో నిద్రమాత్ర కొనివ్వడం మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ చేయకండి. ట్రమడాల్ మీద అల్ప్రాజోలం పడితే ఆ రాత్రి గొంతూ మూసుకుంటుంది, మెదడు లేపడమూ మరిచిపోతుంది.

మూడు బంతుల పరికరం దాదాపు అందరికీ ఇస్తారు, సగం మంది అందులోకి ఊదుతారు. ఊదకూడదు, పీల్చాలి. నిదానంగా పీల్చి బంతి లేచాక రెండు మూడు సెకన్లు పైనే ఉంచాలి. మెలకువగా ఉన్నంతసేపూ గంటకు పదిసార్లు. మొదటి బంతి 600, రెండోది 900, మూడోది 1,200. ఇవి సెకనుకు మిల్లీలీటర్ల లెక్క. మూడో బంతి లేపాలన్న పంతంతో విసురుగా పీలిస్తే ప్రయోజనం లేదు, ఒక్క బంతినే ఎక్కువసేపు నిలపడం మేలు. దగ్గేటప్పుడు కోత మీద దిండు అదిమి పట్టుకోండి.

పేగు అతికించిన చోట సీపాప్ గాలి వల్ల కుట్లు విడిపోతాయని కొందరు భయపడి యంత్రం ఆపించేస్తారు. లావు తగ్గించే ఆపరేషన్ల తర్వాత సీపాప్ వాడినవాళ్ళలో లీకులు పెరిగినట్టు కనపడలేదు. ఇంట్లో వాడుతున్నవాళ్ళు ఆసుపత్రిలోనూ వాడాలి, పగటి కునుకులో కూడా. అయితే వాంతి వస్తున్నప్పుడు మాస్కు వెంటనే తీసేయాలి. పొట్ట ఉబ్బరం పెరుగుతుంటే సర్జన్‌కు చెప్పాలి. ముక్కులో గొట్టం ఉంటే మాస్కు పక్కన గాలి పోతుంది, గొట్టం ఎప్పుడు తీస్తారో అడగండి. ఆప్నియా లేనివాళ్ళందరికీ కూడా సీపాప్ పెట్టమని పట్టుబట్టక్కర్లేదు. పెద్ద పొట్ట ఆపరేషన్లు చేయించుకున్న 4,800 మంది దాకా పాల్గొన్న పరీక్ష 2021లో వచ్చింది, అందరికీ పెట్టడం వల్ల న్యుమోనియాగానీ మరణాలుగానీ తగ్గలేదు. ఆపరేషన్ తర్వాత ఆక్సిజన్ పడిపోయినవాళ్ళకు పెడితే మళ్ళీ గొంతులో గొట్టం వేయాల్సిన అవసరం తగ్గిందని 2005లో ఇటలీ డాక్టర్లు చూపారు. ఎవరికి, ఎప్పుడు అన్నదే అసలు సంగతి.

ఇంకొకటి. ఊపిరి నెమ్మదించడం ఆప్నియా, మందుల పని. ఊపిరి నిమిషానికి 25 దాటి, గుండె దడ, జ్వరం, పొట్టనొప్పి పెరిగితే అది వేరే కథ: కుట్ల దగ్గర లీకో, ఊపిరితిత్తుల్లో గడ్డకట్టిన రక్తమో, న్యుమోనియానో కావచ్చు. "గురక మనిషి కదా" అని దాన్ని ఆప్నియా ఖాతాలో వేయొద్దు. భుజం నొప్పి ఒక్కటే ఉంటే మాత్రం అది మామూలుగా పొట్టలో మిగిలిన గాలి వల్ల, రెండు మూడు రోజుల్లో పోతుంది.

"మా స్టడీలో చేరతారా" అని అడిగితే

బోధనాసుపత్రుల్లో పీజీ డాక్టర్లు థీసిస్ కోసం ఇలాంటి రోగులనే అడుగుతారు. చేరడం వల్ల రాత్రంతా ఆక్సీమీటర్ పెట్టడం, నిద్ర పరీక్ష ఉచితంగా జరగడం లాంటి లాభాలు ఉండొచ్చు. సంతకం పెట్టే ముందు తెలుగు సమాచార పత్రం అడిగి తీసుకోండి. మూడు ప్రశ్నలు వేయండి. మామూలు వైద్యానికి అదనంగా నాకు ఏం చేస్తారు? చీటీ తీసి రెండు గుంపులుగా విడగొడతారా, లేక ఊరికే గమనిస్తారా? ఎథిక్స్ కమిటీ అనుమతి ఉందా? కొత్త వైద్యాన్ని పరీక్షించేదైతే సీటీఆర్‌ఐ (మన దేశంలో ఇలాంటి పరీక్షలను నమోదు చేసే పట్టిక) నమోదు సంఖ్య ఉంటుంది, ఆ వెబ్‌సైట్‌లో ఎవరైనా చూసుకోవచ్చు. చదువురానివాళ్ళు వేలిముద్ర వేసేటప్పుడు ఆ స్టడీతో సంబంధం లేని సాక్షి ఉండాలి. ఎప్పుడైనా మానుకోవచ్చు, మానుకున్నందుకు వైద్యం తగ్గించకూడదు. మీరు రాసిన రాత్రి కాగితం వాళ్ళకూ పనికొస్తుంది, ఒక నకలు ఇవ్వండి.

ఇంటికి పంపే ముందు

డిశ్చార్జికి ముందు రాత్రి ఆక్సిజన్ తీసేసి, ఎవరూ కదిలించకుండా నిద్రపోనిచ్చి, అప్పుడు అంకె ఎంతుందో చూడమని అడగండి. మెలకువలో 97 ఉన్న మనిషి నిద్రలో 85కి పడిపోవచ్చు. పొద్దున రౌండ్లలో మాట్లాడుతుండగా చూసిన అంకె ఈ పనికి సరిపోదు. ఇంటికి రాసిచ్చే మాత్రల్లో ట్రమడాల్ ఉంటే, బదులుగా ఏం వాడొచ్చో అక్కడే తేల్చుకోండి. మొదటి రెండు వారాలు మెత్తటి అన్నం, పల్చటి పప్పు, పెరుగు. ఉగ్గానీ, మిరపకాయ బజ్జీ, చెనిక్కాయల పొడి, సంగటి ఎప్పటినుంచో సర్జన్ చెబుతారు.

నిద్ర పరీక్ష చేయకుండానే ఆపరేషన్ అయిపోయిన వాళ్ళు కోలుకోగానే చేయించుకోవాలి. పేగు కింది భాగం తీసినప్పుడు కొందరికి కొన్ని నెలలకని స్టోమా పెడతారు, దాన్ని మూయడానికి మళ్ళీ మత్తు ఇవ్వాలి. అప్పుడు చూసేది వేరే మత్తు డాక్టరు కావచ్చు. వీడియో, రాత్రి లెక్కల కాగితం, నిద్ర పరీక్ష రిపోర్టు, సీపాప్ ఒత్తిడి ఎంతో రాసిన చీటీ, నాలుగూ ఒకే ఫైల్‌లో పెట్టి ఉంచండి.